ముందు కెమెరా

నేను ప్రయోగశాలలో పరికరాలను పరీక్షిస్తానని మాటల్లో తెలియగానే, సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్న ఆమె, సిమ్ వేసుకునే తన కొత్త టాబ్లెట్‌ను నా చేతిలో పెట్టింది.

"జెర చూడుండ్రి సార్. మా తమ్మునికి చెవులు వినపడవు, మాటలు రావు. నాకు నాగపూర్ల నౌకరీ వచ్చింది. ఇగ దీంట్లనే మాట్లాడుకోవాలె. నా సైగలు వానికి కనపడాలె, గంతే."

ఆమె రైలుకు నలభై నిమిషాలే ఉన్నాయి. తేడా ఉంటే, కొన్న చిలకలగూడ దుకాణంలో మార్చుకురావడానికి అది చాలీచాలని సమయం. పెట్టె మీద రాసిన దేన్నీ నమ్మకుండా సిగ్నల్, బ్యాటరీ, మెమరీ ఒక్కొక్కటే పరీక్షించాను. అన్నీ సరిపోయాయి. అల్వాల్‌లో ఉన్న తమ్ముడికి వీడియో కాల్ చేసినప్పుడు మాత్రం ముందు కెమెరాలో ఆమె గబగబా చేసిన సైగకు వేళ్లు అలుక్కుపోయాయి.

"ఇది పనికిరాదమ్మా. వెంటనే వెళ్లి మార్చుకోండి," అన్నాను.

ఆమె టాబ్లెట్ అందుకుంది. లేవబోయి ఆగి, తెరవైపు తిరిగి అదే సైగను నెమ్మదిగా చేసింది. ఈసారి వేళ్లు విడివిడిగా కనిపించాయి. అవతల తమ్ముడు విరగబడి నవ్వుతూ చేతులు తిప్పాడు.

"ఏమంటున్నాడు?"

"ఇన్నేండ్లకు మనిషిలెక్క మాట్లాడుతున్నవక్కా అంటుండు సార్. సైగ చేసుట్ల నాది ఎప్పుడూ ఉరుకులాటనే."

టాబ్లెట్‌ను సంచీలో పెట్టుకుని ఆమె రైలెక్కింది.

ఆ కెమెరా నాసిరకమన్న నా నిర్ధారణలో నేటికీ మార్పు లేదు. ప్రయోగశాల నివేదికలో 'పనికిరాదు' అని రాసే ముందు మాత్రం, ఎవరి పనికి అని అడిగి తెలుసుకుంటున్నాను.