కల్లంలో వేలి సైగలు

మా ఇంట్లో నోటితో చెప్పేవాటికన్నా కంటితో చెప్పేవే ఎక్కువ. చుట్టాలు మారు కూర అడిగితే అమ్మ కనుబొమ్మ ఒకటి లేచేది. గిన్నె ఖాళీ, మీరు మజ్జిగలోకి దిగండి అని మాకు హుకుం. అలాంటి కొంపలో పెరిగాను కాబట్టి, పాలమూరు జిల్లా వాలీబాల్‌లోకి వేలి సైగలు తెచ్చిన మొదటివాణ్ణి నేనే అని చెప్పుకుంటాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. ఎవరూ అడగలేదు కూడా అనుకోండి.

ఎనభైల చివర అది. అచ్చంపేట దారిలో మా ఊరు. బాపు కల్లంలోనే వల కట్టి ఆడేవాళ్లం. బంతి లేపేది నేను, కొట్టేది మా చిన్నాన్న కొడుకు, నాకు తమ్ముడు. వల దగ్గర నిలబడి నడుము వెనక ఒక వేలు చూపిస్తే పొట్టి బంతి. రెండు చూపిస్తే ఆ చివరికి ఎత్తు బంతి. పిడికిలైతే నా తల మీదుగా వెనక్కి.

ఆ ఏడు పల్లికాయ విరగపండింది. బాపు తేల్చి చెప్పాడు.

"ఐతారం పక్కూరోళ్ల మీద గెలిస్తే కల్లం మీది. ఓడిన్రా, తెల్లారి గుంజలు పీకి పల్లికాయ ఎండవోస్త. వల కోళ్లగూటికి."

ఆ వారమంతా నేను ఒకచోట కూర్చుంటే ఒట్టు. నడుస్తూ, పళ్లు తోముతూ, నడుము వెనక వేళ్లు ఆడిస్తూనే ఉన్నాను. అవ్వ చూసి, "గీనికి నడుం మీద గజ్జి లేసిందే!" అని వేపాకు నూరి పూసింది.

ఆదివారం మొదటి గేమ్ మాదే. రెండో దాంట్లో ఏదో తేడా కొట్టింది. నేను బంతి ఎటు లేపితే అటు అవతలి ముగ్గురూ ముందే ఎగురుతున్నారు. గేమ్ పోయింది.

"నువ్వేమన్న చెప్పినవారా?" అన్నాను తమ్ముడితో.

"నేనేం జెప్తనే అన్నా? జర ఎనుకకు జూడు!"

వెనక మా ఊరి మంది. వాళ్ల ముందు బాపు, తువ్వాల నడుముకు బిగించి, నిలబడి వివరిస్తున్నాడు.

"రెండు వెట్టిండు! గా మూలకు లేపుతడు సూడుండ్రి!"

ఆటంటే గిట్టని మనిషి ఒక్క గేమ్‌లో నా భాషంతా నేర్చేసుకున్నాడు. పైగా అది జొన్నచేలో పిట్టల్ని తోలే గొంతు. నల్లమలలో పడుకున్న పులి అటు నుంచి ఇటు ఒత్తిగిల్లిందని తరవాత చెప్పారు.

"బాపూ, జర సప్పుడు జెయ్యకే!"

"నేనేమన్ననురా? మనోళ్లకు సమ్జాయిస్తున్న!"

మూడో గేమ్‌లో వాళ్లు పద్నాలుగు, మేము పదమూడు. సర్వీసు వాళ్లది. ఒక్క పాయింటు పోతే కల్లం పోతుంది. నాలోని తెలివి నిద్రలేచింది. పిడికిలి చూపించి పొట్టి బంతి వేద్దామనుకున్నాను. తమ్ముడికి చెప్పే వ్యవధి లేదు.

"పిడికిలి! ఎనుకకు!" బాపు కేక.

అవతలి ముగ్గురూ అటు ఉరికారు. నా సైగను నమ్మి తమ్ముడూ అటే ఉరికాడు. నేను లేపిన బంతి ఎవరూ లేని చోట పైకి లేచి, నింపాదిగా దిగి, నా కాళ్ల దగ్గరే పడింది.

బాపు తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు.

తెల్లారి గడ్డపార పట్టుకుని గుంజలు పీకడానికి నేనే బయలుదేరాను. గుమ్మం దాటితే అడుగుపెట్టే జాగా లేదు. బాపు వాకిలంతా పల్లికాయ పోస్తున్నాడు. అమ్మ తిడుతోంది.

"కల్లంల పోస్తనంటివి గద?" అన్నాను.

"ఆడ చెమ్ముంది," అన్నాడు తలెత్తకుండా. వాన పడి నాలుగు నెలలైంది.

తట్ట ఖాళీ చేసి, నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"నిన్న పిడికిలి వెట్టి అబద్ధమాడినవ్ రా. గట్ల జేస్తే నేను మందికేమని చెప్పాలె?"