అడవి ఆవ కోసం పరగోడు దాకా

చింతామణి సంతలో కొన్న విత్తనంతోనే వచ్చిందో ఏమో, నా అర ఎకరా ఆవ చేనంతా అడవి ఆవ మొలిచింది. నెల మొక్కలు, రెండిటికీ ఒకే ఆకు, ఒకే ఎత్తు. కలుపు పూసి గింజ రాలిందంటే ఏళ్ల తరబడి వదలదు. చేనంతా దున్నేయడానికి మరునాటికి ట్రాక్టరు మాట్లాడాను. పరగోడులో వెంకటలక్ష్మమ్మ అనే రైతు ముట్టుకుని చూసే కలుపును గుర్తుపడుతుందని మా బావమరిది చెప్పాడు. సరే, చివరి ప్రయత్నంగా బయలుదేరాను.

ఉదయం ఆరూ నలభైకి చిక్కబళ్లాపురంలో బస్సెక్కాను. పక్కన కూర్చున్న పురుగుమందుల అంగడి ఆయనను కలుపు మందు ఏదైనా కొట్టవచ్చా అని అడిగాను.

"రెండూ ఒకే జాతి కదప్పా. దానికి కొట్టే మందు దీన్నీ చంపుతాది" అన్నాడు.

ఎనిమిదికి బాగేపల్లిలో దిగి, ఇడ్లీ తిని, ఆటోలో పరగోడు చేరాను. అరవై దాటిన వెంకటలక్ష్మమ్మ రాగి చేనులో కూర్చుని కలుపు తీస్తోంది. సాళ్ల మధ్య ఆవ వేసింది, అందులోనూ అడవి ఆవ మొలిచింది. నా చేనులోంచి పీకి తెచ్చిన మొక్కలు రెండూ అందుకుని, చూడకుండానే కాడల మొదళ్లు వేళ్లతో నిమిరి, ఒకదాన్ని గట్టు మీదికి విసిరింది.

"అది గరగరమంటాది. ఇది నున్నగా ఉండాది. కంటితో చూస్తే మోసపోతావప్పా."

కూలికి రమ్మని బతిమాలాను. తన చేనే సగం మిగిలి ఉందని, రాలేనని చెప్పి, పక్క సాలు చూపించింది. కూర్చున్నాను. మొదటి గంటలో మంచి మొక్కలు మూడు పీకాను. సిగ్గుతో తలెత్తలేదు. ఆమె వాటిని కూరకని కొంగులో వేసుకుంది. తను మాత్రం అక్కడే కలుపు తీస్తున్న పక్కింటామెతో పెళ్లి సంగతులు మాట్లాడుతూనే, ఒక్కటీ తప్పకుండా నా కంటే నాలుగు సాళ్లు ముందుకు పోయింది. అలాంటి చేతిని నేనెక్కడా చూడలేదు.

మధ్యాహ్నానికి ఆమె నా సాలు చివరిదాకా వచ్చి, నేను పీకిన కుప్పంతా తడిమి చూసింది.

"అన్నీ కలుపే. ఇంక నేనెందుకప్పా నీకు?"

గట్టు మీదే నిలబడి ట్రాక్టరు అతనికి ఫోన్ చేసి రావద్దన్నాను. ఆమె పెట్టిన రాగి ముద్ద, ఆవాకు పులుసు తిని మూడింటి బస్సు పట్టుకున్నాను.

పేరేసంద్ర దాటేదాకా వేళ్లు మండుతూనే ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా సేద్యం చేస్తున్నాను. మొక్కను పట్టుకోవడం మాత్రం ఈరోజే నేర్చుకున్నాననిపించింది.