ఎల్డన్ నికిల్ అంటించిన రబ్బరు సీలు

ఎల్డన్ నికిల్ సముద్రపు ఒడ్డు ఊరైన లూనెన్‌బర్గ్‌లో ముప్పై నాలుగేళ్లు బూట్లు బాగుచేశాడు. అరిగిన అడుగులు తీసి కొత్తవి వేశాడు, మడమలు మార్చాడు, చేపల పడవలమీద పనిచేసేవాళ్ల రబ్బరు బూట్లకు చిల్లులు పూడ్చాడు. రానురాను జనం పాతవి పారేసి కొత్తవి కొనుక్కోవడం మొదలుపెట్టాక కొట్టు మూసేశాడు. దానికి పెద్దగా కుంగిపోలేదు కూడా. భార్య పోయిన తరవాత ఒక్కడే ఉండేవాడు. పొద్దున్నే ఓట్స్ జావ తాగి, పడవల యార్డు దాకా నడిచి, ఒడ్డుకెక్కించిన పడవల మధ్య తిరుగుతూ, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఓ సలహా పడేసి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. డెబ్బై ఒకటో ఏట అతని బతుకు అంతే, దానితో అతనికి తగాదా ఏమీ లేదు.

ఆ ఏడు మే నెలలో రొవీనా హర్టిల్ పడవ దగ్గర అతని కాళ్లు ఆగాయి. రొవీనా రిటైరైన నర్సు, వెనక వీధిలో ఉంటుంది. ఆవిడ తెరచాప పడవకి అడుగున, ప్రొపెల్లర్ తగిలించిన ఇంజను కాలు బయటికి వచ్చేచోట, చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది. పడవలోకి నీళ్లు రాకుండా ఆపేది లోపల వేరే ఉంది. బయటున్న ఈ సీలు ఆ సందులో నీళ్లు సుడి తిరగకుండా చూస్తుంది. ఊడి వేలాడితే పడవ నడక మందగిస్తుంది, ఖర్మ కాలితే ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. రొవీనా పడవకి అది వరసగా రెండేళ్లు ఊడింది. మొదటిసారి ఆవిడే సిలికాన్ పూసింది. రెండోసారి యార్డులో పడవల మరమ్మతు చూసే వాన్ మాస్‌మన్ తన దగ్గరున్న గట్టి జిగురుతో అంటించాడు. ఇప్పుడు మళ్లీ సగం ఊడి వేలాడుతోంది.

ఎల్డన్ పడవ కిందికి దూరి, ఊడిన అంచుని బొటనవేలితో రుద్ది చూశాడు. పడవ వైపు జిగురు రాయిలా ఉంది. రబ్బరు వైపు మాత్రం నున్నగా, కొత్తదానిలా మెరుస్తోంది.

"జిగురు పడవని పట్టుకుంది. రబ్బరే దాన్ని పట్టుకోలేదు," అన్నాడు బయటికి వస్తూ. ఆకురాయితో గరుకు చేసి, రెండు వైపులా తను బూట్లకు వాడిన పసుపు సొల్యూషన్ పూసి, ఆరాక ఒక్క నొక్కు నొక్కితే చాలన్నాడు.

పక్క పడవ దగ్గర పనిచేస్తున్న వాన్ నవ్వాడు. "ఇది చెప్పు కాదు పెద్దాయనా. ఐదు నెలలు ఉప్పునీళ్లలో నానాలి."

"మీ నాన్న బూట్లు ఇరవై ఏళ్లు నానాయి అబ్బాయ్. ఎవరు అంటించారో ఇంటికెళ్లి కనుక్కో."

వాళ్లిద్దరి వాదన టీ వేళ దాకా సాగితే రొవీనాకి విసుగొచ్చింది. పాత సీలులోంచి నాలుగు ముక్కలు కోయించింది. రెండు నున్నగా వదిలేసి, రెండు గరుకు చేయమంది. ఒక్కో జతలో ఒకదానికి వాన్ జిగురు, ఒకదానికి ఎల్డన్ సొల్యూషన్. నాలుగూ పడవ పెంకులాంటి ఒక ఫైబర్‌గ్లాస్ చెక్కమీద అంటించి, రేవులోంచి తోడిన నీళ్ల బకెట్టులో వేసింది. రెండు వారాలు ఎవరూ ముట్టుకోవద్దంది. ఎల్డన్ ముట్టుకోలేదు గానీ రోజూ వెళ్లి వంగి చూసి వచ్చేవాడు. గెలుపు తనదేనని అతనికి రవ్వంత కూడా అనుమానం లేదు.

రెండు వారాలకి రొవీనా చెక్క బయటికి తీసింది. నున్నటి ముక్కలు రెండూ గోరుతో గీరితే ఊడిపోయాయి. గరుకు చేసిన దానిమీద ఎల్డన్ సొల్యూషన్ పట్టుకునే ఉంది, కానీ అంచుల్లో తెల్లబడి మెత్తబడింది. గట్టిగా లాగితే పిసరు పిసరుగా లేచి వచ్చింది. ఇక మిగిలిన గరుకు ముక్కని, తన జిగురు పూసినదాన్ని, వాన్ పటకారుతో లాగాడు. రబ్బరు చిరిగింది గానీ అతుకు వీడలేదు.

ఆ పసుపు డబ్బాని ఎల్డన్ ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా శంకించలేదు. చెక్కని అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి "నీ జిగురే వాన్," అన్నాడు.

"జిగురు నాదేలే. అది రెండేళ్లుగా నా దగ్గరే ఉంది, ఏం లాభం?" అన్నాడు వాన్. "గరుకు చేసేది మాత్రం మీరే. నాకు ఆ చెయ్యి లేదు."

అలా పని మొదలైంది. పాత జిగురంతా గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, పడవ పెంకు కనిపించేదాకా రంగు తీసి, అసిటోన్‌తో తుడిచేసరికి ఒక రోజు పట్టింది. మర్నాటి నుంచి పొగమంచు కమ్మింది. తడిగాలిలో అంటించనని ఎల్డన్ భీష్మించుకున్నాడు. శుక్రవారం పడవ దించడానికి రొవీనా క్రేను మాట్లాడుకుంది, ఆదివారం పక్క ఊరు మహోన్ బేలో చెల్లెలింటికి పడవమీద వెళ్లాలని ఆవిడ ఆశ.

"ఎండ వచ్చేదాకా ఆగాలా? ఇక్కడ ఎండంటే దేవుడి దయే కదయ్యా," అంది.

"ఈ ఏడాదీ ఊడాలంటే ఇప్పుడే అంటిస్తాను. నీ ఇష్టం."

ఆవిడ గొణుక్కుంటూ క్రేను వాయిదా వేసి, చెల్లెలింటికి కారులో వెళ్లింది. మూడో రోజు ఎండ కాసింది. ఎల్డన్ అట్టముక్క పరుచుకుని వెల్లకిలా పడుకుని, గరుకు చేసిన రబ్బరుకి జిగురు పలచగా పూసి, బూటుకి అడుగు అంటించినట్టే నడిమి నుంచి అంచులకు గాలి నెట్టుకుంటూ నొక్కాడు. వాన్ టేపు అందించి, కింద చెక్కలు ఊతం పెట్టాడు. వారం కదపవద్దన్నాడు ఎల్డన్. ఎవరూ కదపలేదు.

అక్టోబరులో పడవని నీళ్లలోంచి పైకెత్తినప్పుడు ముగ్గురూ కింద నిలబడ్డారు. నాచు గీకేసి చూస్తే సీలు పెట్టినచోటే ఉంది. రొవీనా చుట్టూ గోరు పెట్టి వెతికింది, ఎక్కడా దూరలేదు. ఎల్డన్ మురిసిపోయి చెవులదాకా ఎర్రబడ్డాడు.

తరవాతి వసంతంలో సీలు అంటించాల్సిన మరో నాలుగు పడవలు అతనికోసం కాచుకుని ఉన్నాయి. వాన్ షెడ్డులో కిటికీ పక్కన ఒక బల్ల ఖాళీచేసి ఇచ్చాడు. రొవీనా బెల్లపుపాకం బిస్కెట్లు చేసి తెచ్చేది. కిటికీ తెరవాలా మూయాలా అని వాన్, ఎల్డన్ రోజూ పోట్లాడుకునేవారు. ఆవిడ ఇద్దరికీ టీ పోసి, మధ్యలో కూర్చుని వినేది.