నాలుగు రంగులు, రేపల్లె బండి

సోమవారం సాయంత్రం మా తెనాలి ఆఫీసులో ముగ్గురు మనుషులు ఒకేసారి తమ ఉద్యోగాలు పోతున్నాయని భయపడ్డారు. భయపెట్టింది నేనే. అది కూడా వాళ్లని బాగా అర్థం చేసుకుందామని ఆదివారమంతా కూర్చుని నేర్చుకుని మరీ.

మాది పశువుల దాణా కంపెనీ. ప్రమోషన్ మీద నేను ఇక్కడికి వచ్చి రెండేళ్లయింది. స్కూళ్లు మార్చడం ఇష్టం లేక పిల్లలిద్దరూ వాళ్ల నాన్నతో విశాఖపట్నంలోనే ఉండిపోయారు. కాబట్టి వాళ్లని నేను ఫోన్‌లో పెంచుతున్నాను. రోజూ ఐదున్నరకి వీడియో కాల్. హోంవర్క్, పాలు, గోళ్లు. నిజానికి గోళ్లే ముందు. పది వేళ్లూ కెమెరా ముందు పెట్టాకే మిగతా మాటలు.

ఈ శనివారం మా పెద్దమ్మాయి లాస్య స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. పోయిన రెండింటికీ నేను వెళ్లలేదు. "ఈసారి రాకపోయినా ఫర్వాలేదులే అమ్మా" అంది. ఆ "ఫర్వాలేదులే" విన్నప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. సరిగ్గా అదే రోజు రేపల్లెలో మా డీలర్ల మీటింగ్. నా బదులు ఎవరైనా నడిపితేనే నేను బండెక్కగలను.

రెండు వారాలుగా, మా సోమవారం మీటింగ్‌లో, మా వాళ్లని అడుగుతూనే ఉన్నాను. సొంత పని కదా, మొహమాటం. అందుకని ఆఫీసు విషయాలన్నీ అయ్యాక, చిట్టచివర. ఆ మాట ఎత్తగానే రేపల్లె ఏరియా చూసే ప్రసాద్ గారు బ్యాగు తీసుకుని "వస్తానండి" అని లేచిపోతారు. ఆయన మా అందరికన్నా సీనియర్. బాపట్ల ఏరియా చూసే మణి, అప్పటిదాకా గలగలా మాట్లాడిన పిల్ల, గోడకేసి చూస్తుంది. ఇక ఆఫీసులో ఉండే వెంకట్. మీటింగ్‌లో అతని గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. వంచిన తల ఎత్తకుండా రాసుకుంటాడంతే.

సరిగ్గా అప్పుడే హెడ్డాఫీసు వాళ్లు ఒక ఆన్‌లైన్ ట్రైనింగ్ పెట్టారు. మనుషులు నాలుగు రంగులట. ఎర్ర రంగు వాళ్లకి టైమ్ ముఖ్యం, ముక్కుసూటిగా మాట్లాడాలి. పసుపు వాళ్లకి కబుర్లు ఇష్టం, ముందు ఇంటి సంగతులు అడగాలి. నీలం వాళ్లకి వివరాలన్నీ కాగితం మీద ఇవ్వాలి. ఆకుపచ్చ వాళ్లని తొందరపెట్టకూడదు. ఎవరితో వాళ్ల తీరులో మాట్లాడితే మీటింగులు పూలబాటలట.

నాకు కళ్లు తెరుచుకున్నట్టయింది. ఆ వీడియో రెండుసార్లు చూశాను. ఒక్కొక్కరికీ ఒక అట్టముక్క మీద రంగు రాసి ఫైల్లో పెట్టుకున్నాను. గడియారం చూసుకునే ప్రసాద్ గారు ఎరుపు, మణి పసుపు, వెంకట్ నీలం. పనిలో పనిగా పిల్లలకీ రాశాను. ఏం అడిగినా "ఊఁ" అనే లాస్య ఆకుపచ్చ.

సోమవారం ఎప్పటిలాగే మూడున్నరకి మీటింగ్ మొదలైంది. ఈసారి అసలు విషయం ముందే ఎత్తాను.

"ప్రసాద్ గారూ. శనివారం రేపల్లె మీటింగ్. చేస్తారా, చేయరా? ఒక్క ముక్కలో చెప్పండి."

ఆయన మొహం పాలిపోయింది. రోజూ "బాగున్నారాండీ, ఎండ ఎలా ఉంది" అని మొదలుపెట్టే దాన్ని.

"నా వల్ల ఏమన్నా పొరపాటు జరిగిందాండీ?" అన్నారు.

ఎరుపు మనిషి ఇలా అడగకూడదే. అర్థం కాక మణి వైపు తిరిగాను.

"మణీ, అమ్మకి మోకాళ్లు ఎలా ఉన్నాయి? మీ వారి డ్యూటీ ఇప్పుడు ఎక్కడ? అద్దె ఇల్లేనా?"

మణి కళ్లు చిన్నవయ్యాయి. "నన్ను ట్రాన్స్‌ఫర్ చేస్తున్నారా మేడమ్?"

"అయ్యో, ఊరికే అడిగాను."

"ఎప్పుడూ అడగరు కదండీ."

వెంకట్‌కి నాలుగు పేజీల నోట్ టైప్ చేయించి తెచ్చాను. శనివారం ఎవరు ఏం చేయాలో అన్ని వివరాలతో. అతను మొదటి పేజీ చూశాడు, చివరి పేజీ చూశాడు. రెండేళ్లలో మొదటిసారి నోరు తెరిచాడు.

"మెమోనా మేడమ్? సంతకం ఎక్కడ పెట్టాలండి?"

టీ వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఫైలు తెరిచి అట్టముక్కలు వాళ్ల ముందు పెట్టేశాను. రంగుల సంగతంతా చెప్పాను.

ప్రసాద్ గారు తన అట్టముక్క అటూ ఇటూ తిప్పి చూశారు. "నాది ఎరుపు కాదమ్మా, రేపల్లె బండి. ఐదు దాటితే అందదు. అది పోతే బస్సులో నిలబడి వెళ్లాలి, నా నడుము ఒప్పుకోదు."

"నా బండి ఆరున్నరకి మేడమ్" అంది మణి. "స్టేషన్‌లో ఒక్కదాన్నే ఏం కూర్చుంటాను? అందుకే ఇక్కడ వాగుతూ ఉంటాను."

వెంకట్ చెయ్యెత్తాడు. "మీరొచ్చిన మొదటి వారమే చెప్పారండి, మీటింగ్‌లో నువ్వు మాట్లాడొద్దు, రాసుకో చాలు అని."

నిజమే, చెప్పాను.

"మరి శనివారం సంగతి రెండుసార్లు అడిగితే ఒక్కరూ పలకలేదేంటి?"

"ఎప్పుడు అడిగారండీ?" అన్నారు ప్రసాద్ గారు.

"మీరు లేచి వెళ్లేటప్పుడు బాబాయ్ గారూ" అంది మణి. "మీ ఏరియా మీటింగ్, మీరు లేకుండా నేను చేస్తానంటే ఏం బాగుంటుంది? పైగా ఐదు దాటాక మేడమ్ మా మాట వినరు. ఫోన్ వైపే చూస్తుంటారు. పిల్లల టైమ్ అయింది కదా అని మేమే ముగించేస్తాం."

ఇన్నాళ్లూ వాళ్ల తీరు నేను పట్టుకోవాలని చూస్తున్నాను. వాళ్లు నా తీరు ఎప్పుడో పట్టేసి, దాని ప్రకారమే నడుచుకుంటున్నారు.

"మా ఊళ్లో మీటింగ్ నేను కాక ఎవరు చేస్తారమ్మా? మీరు వెళ్లి రండి" అని ప్రసాద్ గారు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, గడియారం చూసుకుని లేచారు.

ఆ రోజే మీటింగ్ టైమ్ సోమవారం పొద్దున పదకొండుకి మార్చాను.

శనివారం స్కూల్లో లాస్య టీచర్ ముందు కూర్చున్నాను. "మా అమ్మాయి బొత్తిగా మాట్లాడదండీ" అని నేనే మొదలుపెట్టాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "మీరు లాస్య అమ్మగారేనా? మాట్లాడుతోందని ఈ టర్మ్‌లో మూడుసార్లు చోటు మార్చామండీ."

బయటికొచ్చి లాస్యని నిలదీశాను. "ఫోన్‌లో ఊఁ తప్ప ఏమీ అనవేంటే?"

"ఐదున్నరకి కింద షటిల్ మొదలవుతుందమ్మా. ఆలస్యమైతే నన్ను ఆటలోకి రానివ్వరు."

దీనిదీ రేపల్లె బండేనన్నమాట. కాల్ ఏడింటికి మార్చాను. ఆ రాత్రి ఇంట్లో ఫైలు తీసి, అట్టముక్కలు చూపించి దానికీ రంగుల సంగతి చెప్పాను.

తిరిగి తెనాలి వచ్చి బ్యాగు సర్దుతుంటే ఫైల్లో ఒక అట్టముక్క ఎక్కువైంది. లాస్య చేతిరాత.

"అమ్మ. రంగు తెలియదు. ముందు గోళ్లు చూపించాలి. అప్పుడు వింటుంది."