గట్క ఎంతైనా తినొచ్చన్నాను

ఉదయం ఆరు ఇరవైకి పోస్టు చేరాను. హనుమకొండలో ఒక ప్రభుత్వ బడి, పై అంతస్తు. కింది గదుల్లో నడుముల్లోతు నీళ్ళు. వాన మొదలై రెండో రోజు. కరెంటు లేదు. వరదకు ఇళ్ళు వదిలి వచ్చినవాళ్ళు యాభై ఎనిమిది మంది. గ్యాస్ సిలిండర్లు రెండు, బియ్యం అరబస్తా, బజారు షావుకారి ఒకాయన పంపిన పొట్టు తీయని జొన్న రవ్వ నలభై కిలోలు. నా దగ్గర ఒక టార్చి, ఒక విజిల్. రిటైరయ్యాక, డెబ్భై ఒకటో ఏట నాకు పడ్డ డ్యూటీ అది.

శిబిరం చూసేది ఒక నర్సు. నా పాత ఆర్మీ టోపీ చూసి అడిగింది.

"తాతా, మిలిట్రీల ఏం చేసిన్రు?"

"ఇరవై ఏండ్లు మంచు కొండల మీదున్న. ఏ గింజల ఎంత బలముంటదో జవాన్లకు ట్రైనింగ్ ఇచ్చినోన్ని."

"అయితే వంట మీదే."

ఆ ఆర్డరు నేనే కొనితెచ్చుకున్నాను. నా సర్వీసంతా రేషన్ డిపోలో బస్తాలు దించడంతోనే గడిచింది. మంచు కొండను చూశాను, డిపో గోడ మీది క్యాలెండర్లో.

పదకొండింటికి గట్క దించాను. మరిగే ఎసట్లో జొన్న రవ్వ పోసి, గట్టిగా ఉడికించడమే. అందరూ తిన్నారు. మెట్ల పక్కన ఒకామె గిన్నె ముట్టలేదు. పేరు ఎల్లవ్వ, వర్ధన్నపేట దగ్గర వ్యవసాయం. కూతురింటికి వచ్చి నీళ్ళలో చిక్కుకుంది. ఆమె ఇన్సులిన్ ఫ్రిజ్‌తో పాటే మునిగిపోయింది.

"షుగరున్నదన్నా. డాక్టరు కొలుసుకోని తినుమన్నడు."

"కొలత అన్నానికి చెల్లె. ఇవి జొన్నలు. పొట్టుతోని ఉన్న గింజ. దీంట్ల షుగరే లేదు. ఎంతైనా తినొచ్చు, ఫికర్ చేయకు."

"నిజమేనా?"

"మిలిట్రీ మాట."

పూటకు మూడు గిన్నెలు పెట్టాను. మూడు పూటలు. చిన్నప్పటి తిండి అంటూ ఇష్టంగా తింది.

మర్నాడు మధ్యాహ్నం నుంచి నీళ్ళు అడగసాగింది. చెంబు మీద చెంబు. అయినా పెదవులు ఎండిపోయాయి. మూడింటికి కూతురు పిలిస్తే కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుంది. మెట్ల కింద నీళ్ళు గోడలకు కొట్టుకుంటున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

మూడు నలభైకి బోటు వచ్చింది. ఆ రోజుకు అదే ఆఖరిది. పడుకోబెట్టడానికి ఒక్కరికే చోటు. కాలు విరిగిన మేస్త్రీ ఒకాయన పొద్దటి నుంచి మూలుగుతున్నాడు. నర్సు దగ్గర షుగరు చూసే మిషన్ ఉంది గానీ దాని పట్టీలు తడిసిపోయాయి. ఇక నర్సుకు ఆధారం నా మాటే.

"నిద్ర లేక మగతేమో. ఎంత తిన్నది తాతా?"

"పూటకు ఒక్క గిన్నె."

"అట్లయితే పొద్దటిదాక ఆగొచ్చు."

మేస్త్రీని బోటులోకి దించారు. బోటు కదిలింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. బోటు మలుపు తిరిగింది. పొద్దటిదాకా అంటే పద్నాలుగు గంటలు. యుద్ధం ఎప్పుడూ చూడనివాణ్ణి. అంత భయం నాకు కొత్త. నర్సు చేతిలోని వైర్‌లెస్ సెట్ లాక్కున్నాను.

"బోటూ, ఎనకకు రా."

"ఎవలు?"

"వంట తాతను."

"మబ్బు వట్టింది తాతా. కరెంటు తీగలు నీళ్ళల్ల ఉన్నయి, ఇంకింత సేపైతే కనవడయి."

"నేను అబద్ధం చెప్పిన. అవ్వకు తొమ్మిది గిన్నెలు పెట్టిన. సూది లేకుంట. పొద్దటిదాక ఉండదు."

సెట్ గరగరలాడింది. మేస్త్రీ గొంతు వినిపించింది. "నేను కూసుంట గని, బోటు మలుపు."

నర్సు సెట్ తీసుకుని నా వైపు తిరిగింది.

"జొన్నలల్ల షుగర్ లేదని ఎవలు చెప్పిన్రు?"

"మా వాకింగ్ బ్యాచోళ్ళు."

"పీచున్నది, ఇనుమున్నది, పాలిష్ బియ్యం కన్న మంచియే. షుగరు జర మెల్లగ ఎక్కుతది. ఎక్కకుంట ఉండదు తాతా. పిండి పదార్థం దాంట్లనూ ఇంచుమించు బియ్యమంతనే. మంచి తిండికి గూడ కొలత ఉంటది." మళ్ళీ అడిగింది. "మరి జవాన్లకేం నేర్పిన్రు?"

"బస్తా నడుముకు తగలకుంట ఎట్ల దించాల్నో."

నాలుగు ఐదుకు బోటు తిరిగొచ్చింది. దుప్పటిలో పెట్టి నలుగురం దించాం. దవాఖానలో అయిదు రోజులు ఉంచుకున్నారు.

నాలుగో రోజు నీళ్ళు తీశాయి. బురదలో రెండు కిలోమీటర్లు నడిచి ఇల్లు చేరాను. వారం తర్వాత ఆమె కూతురు ఫోన్ చేసింది.

"మామా, అమ్మ ఇంటికొచ్చింది. గట్క మస్తుండె అంటాంది. గని ఇగ ఒక్క గిన్నెనేనట."

నవ్వాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఆ రోజు బోటులో పడుకోబెట్టగానే ఆమె కళ్ళు తెరిచి నా కోసం వెతికింది. రెండు చేతులూ కలపబోతే కలవలేదు. ఒక్క చెయ్యే నుదుటి దాకా లేపి, "కడుపునిండ పెట్టినవన్నా" అంది. ఆ చెయ్యి అలా లేచే ఉంది, బోటు మలుపు తిరిగేదాకా.