ఏసీ నీళ్ళు తాగిన జిగురు మొక్కలు

తడి నేలలో ఎర్రగా మెరిసే వేలెడంత మొక్కను మీరెప్పుడైనా మోకాళ్ళ మీద కూర్చుని చూశారా, లేక చూడకుండానే తొక్కేశారా? కేతేపల్లి దగ్గర నేను పాస్టరుగా ఉన్న ప్రార్థన మందిరం వెనుక రాతి ఊట ఉంది. వానలు తగ్గాక అక్కడ జిగురు మొక్కలు లేస్తాయి. ఆకు నిండా వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొనన మంచుబొట్టులాంటి జిగురు. దోమ వాలిందా, ఇక అంతే, ఆకు మెల్లగా ముడుచుకుని తినేస్తుంది. ఆ ఊట మీద మొరం పోసి బండ్లు నిలుపుకునే జాగా చేద్దామని సంఘ పెద్ద యోహానన్న పట్టుబట్టాడు. "జీవాన్ని తినే మొక్క సైతానుది గాక ఎవరిది అయ్యగారూ?" అన్నాడు. నేను బల్ల గుద్దాను. సృష్టికర్త తాను చేసిన సమస్తమూ చూసి మంచిదన్నాడు, ఈ ఒక్క ఆకును పక్కన పెట్టి అనలేదు! "అయితే శనివారం నల్లగొండ పూల ప్రదర్శనల మన సంఘం బల్ల మీద పెట్టి చూపియ్యిండ్రి. బతికుంటే మొరం ఆపుత. సచ్చినయా, సోమవారం ట్రాక్టర్ వస్తది" అన్నాడాయన.

ఊటలోంచి తీసి కుండీలో పెట్టినవన్నీ నా చేతిలో చచ్చాయి. ఇంకా తవ్వితే ఊటే ఖాళీ. అందుకే జడ్చర్లలో వీటిని విత్తనం నుంచి పెంచే అనసూయమ్మ దగ్గరికి గురువారం బయలుదేరాను. ఆమె అమ్మదు, మార్చుకుంటుంది. మా ఊటలోనే పసుపు పూల మొక్క ఇంకొకటుంది, తడి మట్టిలో సన్నని తిత్తులతో పురుగులను పీల్చుకుంటుంది. దాని విత్తనం పొట్లం కట్టుకున్నాను.

పొద్దున ఆరింటికి కేతేపల్లిలో బస్సెక్కి నల్లగొండ, అక్కడి నుంచి దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సులు మారుతూ మధ్యాహ్నానికి జడ్చర్ల చేరాను. రానుపోను ఛార్జీలకు ఏడు వందలు దగ్గర పెట్టుకోండి. దేవరకొండ దాటాక గుట్టలు, బండలు, మధ్యలో పత్తి చేలు. కిటికీ పక్కన కూర్చుంటే ప్రతి తడి బండ మీదా ఎర్రటి మచ్చ కోసం కళ్ళు వెతుకుతాయి.

అనసూయమ్మ బడిలో లెక్కల టీచరు. డాబా మీద వెడల్పాటి తొట్లు, వాటిలో ఇసుక, ఇసుక నిండా ఎర్రటి మెరుపులు. పొట్లం అందుకుని, "ఇగ చెప్పుండ్రి, మీయి ఎట్ల సచ్చినయి?" అంది.

"మంచి ఎర్రమట్టి, పెంటెరువు ఏసిన. పొద్దుమాపు బోరు నీళ్ళు పోసిన."

ఆమె పకపకా నవ్వింది. "దోమ తిని బతికేదానికి పెండ్లి బువ్వ పెట్టిన్రా అయ్యగారూ! నేలల సారం లేకనే అది పురుగులు తింటది. ఇగ మీ నల్లగొండ బోరు నీళ్ళా? మన్షుల పండ్లే గారపట్టె, గీ పసిది ఎట్ల తట్టుకుంటది?"

బండ మీద పడి ఎండిపోయిన విత్తనం ఉపమానం చెబుతూ ఎన్ని ఊళ్ళలో గొంతు చించుకున్నానో! ఆ బండనే కోరుకునే విత్తనం ఒకటుందని నాకెన్నడూ తట్టలేదు.

మొక్కలున్న చిన్న తొట్లు డబ్బాలో సర్ది, "వాన నీళ్ళు తెచ్చిన్రా?" అని అడిగింది. తేలేదు. ఆమె దగ్గర మిగిలినవి ఆమె మొక్కలకే చాలవు. "అయితే ఏసీ పైపు కారేకాడ పట్టుకోండ్రి. గా నీళ్ళల్ల ఉప్పుండది."

తిరుగు దారిలో కల్వకుర్తి బస్టాండు దగ్గర ఒక ఏటీఎం ఏసీ పైపు కింద సీసా పట్టి నిలబడ్డాను, చంకలో వాక్యగ్రంథం, కాళ్ళ దగ్గర మొక్కల డబ్బా. కాపలాదారు బయటికొచ్చాడు. "తాగుతరా పెద్దమనిషీ?"

"నేను గాదు, ఇవి తాగుతయి. తిండికి దోమలు."

"అయితే ఒకటి నాకిడిసి పోరాదు, రాత్రంత పీక్క తింటున్నయి!"

సీసా నిండేలోగా నల్లగొండ బస్సొకటి వెళ్ళిపోయింది. పోనీ అనుకున్నాను.

శనివారం యోహానన్న మా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జిగురుకు అంటిన దోమ మీదికి ఆకు వంగుతుంటే ఆయనా వంగాడు. చాలాసేపు లేవలేదు. "గింత ఓపికనా దీనికి!" అన్నాడు. తర్వాత ఫోన్ తీశాడు. "ట్రాక్టర్ తోలకు. బండ్లు రోడ్డు పక్కనే పెట్టుకుంటం."

నేను ప్రేమతోనే ఎరువు వేశాను, ప్రేమతోనే నీళ్ళు పోశాను. అవి చచ్చాయి. ఎదుటివారికి ఏం కావాలో అడగకుండా వడ్డించే అలవాటు నా ప్రసంగాల్లోనూ ఉందేమోనని ఇప్పుడు చూసుకుంటున్నాను. మీరు జడ్చర్ల వెళ్తే మూత గట్టిగా ఉన్న డబ్బా, రెండు సీసాల వాన నీళ్ళు తీసుకెళ్ళండి. ఊటలోంచి మొక్కను పెకిలించకండి, విత్తనం మార్చుకోండి. మీ ఊళ్ళోనూ ఏదో తడి జాగా కోసం ఎవరో మొరం మాట్లాడే ఉంటారు. రేపు చూద్దామనకండి. లేవండి, ఈ పొద్దే పోయి అక్కడ మోకాళ్ళ మీద కూర్చోండి, ట్రాక్టర్ కంటే ముందు చేరండి!