ఎడమవైపు వెనక తలుపు

మొన్న మంగళవారం పొద్దున్న మా వీధి టాక్సీ బాబాయి పోయారు. మండపేటలో ఆయన అంబాసిడర్ ఎక్కనివాళ్లు తక్కువ. మీరు ఎక్కకపోయినా మీ ఇంటి అన్నం కారియరు ఎక్కే ఉంటుంది.

బాబాయి రోజూ తెల్లారగానే కిరాయికి రాజమండ్రి వెళ్లేవారు. అక్కడి ఆస్పత్రిలో మనిషి ఉన్నవాళ్లు, ఆయన్ని లేపకుండా వచ్చి, వెనక సీటు మీద కారియరు పెట్టి పోయేవారు. పిడికి కట్టిన గుడ్డపీలిక రంగును బట్టి అది ఎవరిదో, ఏ వార్డుకో ఆయన పోల్చుకునేవారు. అందుకే ఆ కారుకి తాళం వేసే అలవాటు లేదు. తాళంచెవి కూడా లోపలే వేలాడుతూ ఉండేది.

ఊళ్లో కార్లకి టేపురికార్డర్లు వచ్చాయి. వాటి వెనకే దొంగలూ వచ్చారు. మిల్లు షావుకార్లు కారు దిగి నాలుగు తలుపులూ లాగి చూసుకోవడం మొదలెట్టారు. నాకున్నది సైకిలు షాపే. సలహా చెప్పడానికి కారెందుకు?

"బాబాయ్, తాళం వెయ్యండి. స్టెప్నీ పోయాక ఏడుస్తారా ఏంటి?" అన్నాను.

"దొంగకి తాళం ఓ లెక్కట్రా? అది ఆపేది మనవాళ్లనేరా" అన్నారు.

ఎనిమిదో తరగతితో చదువు ఆపాను గాని వెటకారం ఆపలేదు. మర్నాడు పెందలాడే లేచి, డ్రైవరు సీట్లో ఓ మేకపోతుని కూర్చోబెట్టి, దాని నెత్తికి ఆయన తువ్వాలు చుట్టి, వీధంతా పిలిచాను. "రండి బాబూ రండి, రాజమండ్రి కిరాయి! డ్రైవరుగారు గెడ్డం కూడా పెంచారు!" అందరూ విరగబడి నవ్వారు. బాబాయి కూడా నవ్వారు. సీటు మీద మేక చేసిన పని మాత్రం ఆయన ఒక్కరే బకెట్టు తెచ్చుకుని కడుక్కున్నారు. ఆ రోజు నుంచి ముందు తలుపులకి లాకులు పడ్డాయి. గెలిచానని షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాను.

మంగళవారం ఆయన అరుగు మీద గుండె పట్టుకుని కూలబడ్డారు. పిన్ని కేక విని పరుగెత్తి, నలుగురం ఎత్తి కారు దగ్గరికి తెచ్చాం. డ్రైవరు తలుపు లాగాను. రాలేదు. అటువైపుదీ రాలేదు. అద్దంలోంచి తాళంచెవి కనిపిస్తూనే ఉంది. బాబాయికి మాట పడిపోయింది, చెయ్యి మాత్రం వెనక్కి ఊపుతున్నారు. తప్పుకోమంటున్నారనుకున్నాం. నేను సైకిలు చువ్వ వంచి అద్దం సందులో దోపాను. అది వంగిపోయింది. ఎవరో రాయి ఎత్తారు.

అప్పుడు చర్చి వీధి ఆవిడ కారియరుతో వచ్చింది. ఆవిడ భర్త ఆ ఆస్పత్రిలోనే ఉన్నాడు. "అయ్యో, ముందు తలుపు పట్టుకు వేలాడతారేంటండీ?" అంటూ ఎడమవైపు వెనక తలుపు లాగింది. తెరుచుకుంది. "దీనికి ఎప్పుడూ వెయ్యరు కదా!"

నా నోరు మూయించడానికి మిగతావి బిగించి, కారియర్లు పెట్టేవాళ్ల కోసం ఆ ఒక్కటీ వదిలేశారు. ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. ఏ రోగికీ నేను కారియరు పంపినవాణ్ణి కాదు మరి.

లోపల్నుంచి ముందు తలుపు తీసి, మా నలుగురిలో బండి నడపడం వచ్చినవాడు స్టీరింగు పట్టాడు; ఆవిడ కారియరు కూడా కారులోనే వచ్చింది. ద్వారపూడి దాటాక పిన్ని ఒళ్లో ఆయన తల పక్కకి వాలిపోయింది. తలుపుల దగ్గర పోగొట్టిన ఆ కాసేపూ మిగిలి ఉంటే బతికేవారా అని డాక్టరుగారిని అడగడానికి, ఇంత నోరున్నవాణ్ణి, నాకు నోరు రాలేదు.

పిన్నే నా వైపు చూసి అంది. "ఆ కారియరు ఇచ్చి రా బాబూ, చల్లారిపోతుంది."

తీసుకెళ్లి ఇచ్చాను. ఆ మనిషి మూత తీస్తూ, "ఇవాళ బాబాయిగారు రాలేదేంటండీ?" అన్నాడు. పనుందట అని చెప్పి వచ్చేశాను.

ఇప్పుడు కారు బాబాయి ఇంటి ముందే ఉంది. కదిలించేవాళ్లు లేరు. నిన్న పొద్దున్న షాపు తాళం తీస్తూ అటు చూశాను. పాపం, విషయం తెలియనివాళ్లెవరో వెనక సీటు మీద కారియరు పెట్టి వెళ్లారు. పిడికి పచ్చ పీలిక. వేడన్నం ఆవిరికి అద్దం లోపలివైపు మసకబారి ఉంది.